పెద్దాయన పేరు లేని చిరునామా

నేను చేసిన ఉద్యోగానికి మా ఇంట్లో ఇప్పటికీ సరైన పేరు లేదు. మా అత్తగారు బతికున్నంత కాలం "మా కోడలు కంప్యూటర్లో అడ్రసులు రాస్తాది" అని చెప్పేది. విన్నవాళ్లు నేను పోస్టాఫీసులో ఉన్నాననుకుని నన్ను మనియార్డరు సంగతులు అడిగేవాళ్లు. నేనెప్పుడూ దిద్దలేదు. ఆవిడ చెప్పినంత దగ్గరగా నా పనిని ఇంకెవరూ చెప్పలేదు. వెబ్‌సైట్లు కట్టడం, కట్టినవాటిని ఒక పేరు మీద నుంచి ఇంకో పేరు మీదికి తరలించడం, తరలించేటప్పుడు పేజీల అడ్రసులు చెదరకుండా చూడడం, ఇదీ నేను బళ్ళారిలో కూచుని చేసిన పని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు మొన్న ఇంటికొచ్చి మీ అనుభవాలు రాయండి మేడమ్ అన్నారు. వాళ్లకు కావలసింది చిట్కాలు. చిట్కాలు నెట్టులో బోలెడున్నాయి. వాటిలో సగం తప్పులు, మిగతా సగం ఒకరి దగ్గర ఒకరు ఎత్తిరాసుకున్నవి. అందుకని నేను మనుషుల గురించి రాస్తాను. ఈ పనిలో కంప్యూటరు చెప్పిన మాట వింటుంది. విననిది ఇంటి పెద్ద.

లగ్నపత్రికల బడి

మాది సిరుగుప్ప దగ్గర ఒక క్యాంపు. కాలువ నీళ్లు చూసి కోస్తా నుంచి వచ్చి వరి వేసుకున్నవాళ్ల ఊళ్లను అక్కడ క్యాంపులనే అంటారు. పెళ్లయి బళ్ళారికి వచ్చాక గాంధీనగర్‌లో రుద్రప్ప గారి ప్రెస్సులో టైపు చేసే పనిలో చేరాను. ఎక్కువగా పెళ్లి పత్రికలే, అక్కడివాళ్ల మాటలో లగ్నపత్రికలు. ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తెలుగు.

పెళ్లి పత్రికలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఎక్కడుంటారో ఎప్పుడైనా గమనించారా? పైన దేవుడు, దేవుడి కింద తాత ముత్తాతలు, వాళ్ల కింద పెదనాన్నలు, మేనమామలు, ఊళ్లో పలుకుబడి ఉన్న దూరపు చుట్టాలు. ఇంత మందిని దాటుకుని కిందికి దిగితే అక్కడ ఆ ఇద్దరూ ఉంటారు. ఆ కింద మళ్లీ "సుఖాగమన బయసువవరు", అంటే మీ రాక కోరేవాళ్లు, అని కన్నడంలో ఇంకో వరస పేర్లు. ఎవరి పేరు ఎవరి పేరు కన్నా ముందుండాలి అన్నదాని మీద మా ప్రెస్సు మెట్ల మీద జరిగినన్ని గొడవలు కోర్టు ఆవరణలో కూడా జరిగి ఉండవు.

రుద్రప్ప గారు మాత్రం ప్రూఫు చేతికిస్తే పేర్ల జోలికి పోకుండా తిన్నగా కల్యాణ మంటపం అడ్రసు దగ్గరికి వెళ్లేవాడు. ఒకసారి అదేమిటండీ అంటే, "పేర్లు తప్పు పడితే బైకుంటారమ్మా, తిట్టుకుంటారు, స్వల్ప దినాలకు వాళ్లే సర్దుకుంటారు. అడ్రసు తప్పు పడితే జనమే రారు. నువ్వు అడ్రస్ నోడు, సాకు" అన్నాడు, అడ్రసు చూస్తే చాలని. నాకు బాసులు చాలామంది దొరికారు. వాళ్లలో ఒక్క వాక్యంతో నా ఉద్యోగం మొత్తాన్ని నేర్పినవాడు ఈయనొక్కడే. అప్పటికి ఆయన వెబ్‌సైటును చూసి ఎరగడు.

ఎర్రదుమ్ము రోజులు

తర్వాత గనుల కాలం వచ్చింది. ఇనుప ఖనిజం లారీలు రాత్రీ పగలూ తిరిగేవి. పొద్దున తుడిచిన కీబోర్డు మధ్యాహ్నానికి కుంకుమ చల్లినట్లు ఉండేది. నిన్నటిదాకా వేరుశెనగ, పత్తి వేసుకున్నవాళ్లు లారీలు కొన్నారు. లారీ కొన్నవాళ్లందరికీ వెబ్‌సైటు కావలసి వచ్చింది. వెబ్‌సైట్లు కట్టడం నేర్చుకుని ప్రెస్సు మీద మేడలో నేను సొంతంగా ఆఫీసు పెట్టుకున్నది అప్పుడే.

వచ్చినవాళ్లెవరూ ఈ సైటు చూసేది ఎవరు అని అడగలేదు. అందరిదీ ఒకటే కోరిక: చేతులు జోడించిన తమ ఫోటో, వెనక లారీల బారు, తెరవగానే పాట. ఒక కాంట్రాక్టరు తన అదృష్ట సంఖ్య ప్రతి పేజీ అడ్రసులోనూ ఉండాలన్నాడు. పెట్టాం. కొన్నాళ్లకు జ్యోతిష్కుణ్ణి మార్చుకున్నాడు. కొత్తాయన కొత్త అంకె చెప్పాడు. సైటులోని అడ్రసులన్నీ మళ్లీ రాశాం. ఒక కాలేజీవాళ్లు ప్రిన్సిపాల్ పేరును అడ్రసులో ఇరికించారు. ఆయనకు బదిలీ అయింది, కొత్తాయన వచ్చిన రోజే ఫోను చేశాడు. అప్పటి నుంచి మా ఆఫీసులో ఒక నియమం పెట్టుకున్నాం. బదిలీ అయ్యేది, ముసలిదయ్యేది, అలిగేది ఏదీ పేజీ అడ్రసులో ఉండకూడదు.

ఎందుకంత పట్టింపు అంటారా? సెర్చింజన్ ప్రతి పేజీనీ దాని అడ్రసుతోనే గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేజీ మంచిదని ఎవరెవరు చెప్పారు, వచ్చినవాళ్లు నిలబడి చదివారా, ఎన్నాళ్ల నుంచి అక్కడే ఉంది, ఈ మంచిపేరంతా ఆ అడ్రసు ఖాతాలోనే పడుతుంది. చెప్పాపెట్టకుండా అడ్రసు మారిస్తే మంచిపేరు పాత గుమ్మం దగ్గరే ఉండిపోతుంది. కొత్త గుమ్మంలో మీరు ఎవరో తెలియని మనిషి. ఈ సంగతి నేను ఎంతోమందికి చెప్పాను. తలూపారు. తర్వాత ఫోటో ఇంకాస్త పెద్దది చేయమన్నారు.

సరోజమ్మ జీన్స్ షెడ్డు

వన్నూరప్ప గారి కుటుంబం కెంచనగుడ్డ నుంచి వచ్చింది. ఏటి ఒడ్డున పొలాలు, బళ్ళారిలో ఎరువుల అంగడి, ఆ తర్వాత లారీలు. అన్నదమ్ములు ముగ్గురు. వన్నూరప్ప పెద్దవాడు. రెండో ఆయన చిదానందప్ప ఊళ్లో వరి చూసుకునేవాడు. మూడో ఆయన ఎర్రిస్వామి లారీల వెంట తిరిగేవాడు. ఎర్రిస్వామి భార్య సరోజమ్మ. పాత ఎరువుల గోడౌన్‌లో కుట్టు మిషన్లు వేయించి జీన్స్ ప్యాంట్లు కుట్టించేది ఆవిడే. బళ్ళారి జీన్స్ అంటే అప్పటికే దూరప్రాంతాల వ్యాపారులకు తెలుసు. కానీ ఎవరిని అడగాలో తెలియదు.

ఆ షెడ్డుకు వెబ్‌సైటు చేసింది నేను. చిన్నది. పాటా లేదు, ఫోటో కూడా ప్యాంట్లదే. నేను చేసిన మంచి పని ఒక్కటే, సరోజమ్మను కూచోబెట్టి కొనేవాళ్లు ఫోనులో ఏ మాటలు వాడతారో అడగడం. హోల్‌సేల్ జీన్స్, వాషింగ్ (కుట్టిన ప్యాంటును ఉతికి రంగు తేల్చడం), పిల్లల ప్యాంట్లు, అంతే. ఒక్కోదానికి ఒక్కో పేజీ పెట్టి అవే మాటలు అడ్రసులో పెట్టాం. సైటు పేరు, ఒక వాలు గీత, జీన్స్. సైటు పేరు, వాలు గీత, వాషింగ్. ఫోనులో చెప్పినా అవతలివాడు టైపు చేసుకునేంత పొట్టిగా ఉండేవి.

ఏడాది తిరిగేసరికి బళ్ళారి జీన్స్ అని ఎవరు వెతికినా ముందు ఆవిడ పేజీయే వచ్చేది. మేం పేరు కూడా వినని ఊళ్ల నుంచి ఫోన్లు వచ్చేవి. సరోజమ్మ ఫోను స్పీకర్‌లో పెట్టి మిషన్ల మీద ఉన్న ఆడవాళ్లందరికీ వినిపించేది. అవతలివాడు హిందీలో మాట్లాడుతుంటే ఇక్కడ అందరూ మిషన్లు ఆపి వినేవాళ్లు.

వన్నూరప్పకు ఆ షెడ్డు మీద కన్నుంది. లారీలు పెరుగుతున్నాయి. టైర్లు, స్పేర్ పార్టులు పెట్టుకోవడానికి చోటు లేదు. "లారీలు ఇన్ని ఉండంగా నీకు ఈ గుడ్డపీలికల గలాటా ఏమిటికి?" అని మరదలిని అడిగేవాడు. చివరకు ఉగాది వరకు గడువు పెట్టాడు.

"ఆర్డర్లు నిలబడితే షెడ్డు నాది అక్కా" అని సరోజమ్మ నాతో చెప్పింది. "లేకుంటే ఈ మిషన్లు ఉన్న తావ టైర్లు పెడతారు. ఈళ్ళంతా ఖనిజం ఎత్తను కూలికి పోవల్ల."

పడక్కుర్చీ ముందు మీటింగు

సరిగ్గా అప్పుడే వన్నూరప్పకు కొత్త సైటు మీద మనసైంది. కుటుంబం వ్యాపారాలన్నీ ఒకే పేరు కింద, బెంగళూరు కంపెనీ చేత. జీన్స్ సైటును కూడా అందులో కలిపేయాలి. పాతది నా దగ్గర ఉంది కాబట్టి నన్నూ పిలిచారు.

గాంధీనగర్‌లో వాళ్ల ఇల్లు. ముందు గదిలో పడక్కుర్చీ, అందులో వన్నూరప్ప. ఆ ఇంట్లో ఎవరొచ్చినా ముందు ఆయన్ను పలకరించి, ఆయన ఊ అన్నాకే లోపలికి వెళ్లాలి. చుట్టాలకే కాదు, గ్యాస్ బండ తెచ్చేవాడికీ అదే నియమం. బండను భుజం మీద పెట్టుకునే నమస్కారం చేసేవాడు.

బెంగళూరువాళ్లు అడ్రసుల పటం గోడ మీద చూపించారు. కొత్త సైటు పేరు ఇంటిపేరు. వాలు గీత, వన్నూరప్ప. దాని కింద వాలు గీత, చిదానందప్ప. దాని కింద ఎర్రిస్వామి. ఆ కింద, వెతికితే, జీన్స్. నేను ఏళ్ల తరబడి టైపు చేసిన లగ్నపత్రికే గోడ మీద కనిపించింది. పెళ్లికూతురు మాత్రం ప్యాంటు.

"దీంట్ల తప్పేముండాది చెప్పమ్మా" అన్నాడు వన్నూరప్ప నా మొహం చూసి. "ఇంటి పేరు, పెద్దోని పేరు, నడిపోని పేరు, చిన్నోని పేరు. వరసగానే ఉండాది గదా."

"వరస బాగానే ఉందండీ. కానీ ప్యాంటు కావలసినవాడు మీ వంశం మొత్తం దిగితే గానీ ప్యాంటు దగ్గరికి రాడు."

లోపలి గది కర్టెన్ వెనక నుంచి సరోజమ్మ నవ్వు వినిపించింది. వెంటనే గ్లాసులు చప్పుడు చేసి దాన్ని కప్పేసింది.

"దిగనీ" అన్నాడు వన్నూరప్ప. "మీ క్యాంపోళ్ళు మాట్లాడితే పేపరు చదివినట్లుంటాది గాని పద్ధతి తెలీదు. మా ఇంట్లేకి వచ్చినోడు ముందు నన్ను పలకరించినాకే లోపలికి పోతాడు. కంప్యూటర్లో కూడా అంతే."

"మరి పాత అడ్రసులకు వచ్చినవాళ్ల సంగతేంటండీ? వాళ్లకు పాత గుమ్మమే తెలుసు."

"అన్నీ నా పేజీకి తిప్పండి. యాడికొచ్చినోడైనా సరే, ముందు నా తావకి రావల్ల."

బెంగళూరువాళ్లు రాసుకున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. ఇంటి యజమాని వాకిలి ఎటు పెట్టమంటే అటు పెట్టడం వాళ్ల పని. వాదించడం నా పని. ఆ రోజు నా వాదన కాఫీ చల్లారేలోపే ఓడిపోయింది.

సైటు మార్చడానికి ముహూర్తం పెట్టించారు. అయ్యవారు మానిటరుకు బొట్టు పెట్టి, అగరువత్తి వెలిగించి, పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు కీబోర్డులోకి పోయాయి. ఒక అక్షరం అలాగే నొక్కుకుపోయి స్క్రీను మీద వరసగా పడుతూనే ఉంది. మంచి శకునమే అన్నాడు అయ్యవారు, ఆగకుండా వస్తోంది కదా.

నవ్వే బావ

కొన్ని వారాలకు సరోజమ్మ మా ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చింది. ఏడుపు మొహం కాదు, కోపం మొహం.

"అక్కా, నా పేజీ యాడుండాదో నాకే దొరకలా" అంది. "బళ్ళారి జీన్స్ అని కొట్టి చూస్తే మొదటి పేజీల లేదు, రెండో దాంట్ల లేదు. పాత అడ్రసు కొట్టి చూస్తిని. మా బావ నవ్వుకుంటా నమస్కారం పెడతాండాడు. ఇంట్ల ఎప్పుడూ నవ్వడు, కంప్యూటర్లో మాత్రం ఆపకుండా నవ్వుతాండాడు."

ఫోను మోగడం ఆగిపోయిందని చెప్పింది. ఇద్దరు ఆడవాళ్లు అప్పుడే ఖనిజం యార్డులో కూలికి కుదిరారు. నిన్న టేపు పట్టుకుని మనుషులొచ్చి షెడ్డు గోడలు కొలిచిపోయారట. ఉగాది దగ్గర పడుతోంది.

జరిగింది ఇది. ప్యాంట్ల కోసం పాత అడ్రసుకు వచ్చిన వ్యాపారికి లారీలు, పాట, నమస్కారం కనిపించాయి. తప్పు గుమ్మం అనుకుని వెనక్కి పోయాడు. సెర్చింజన్ కూడా వచ్చి చూసింది. జీన్స్ పేజీ, వాషింగ్ పేజీ, పిల్లల ప్యాంట్ల పేజీ, అన్నీ ఒకే పెద్దమనిషి దగ్గరికి తీసుకుపోతున్నాయి. అంటే ఇది ఇల్లు మారడం కాదు, అంగడి మూసేయడం అని అది లెక్క కట్టింది. పాత పేజీల మంచిపేరు కొత్త పేజీలకు అందలేదు. అసలు జీన్స్ పేజీ మూడు పేర్ల కింద ఎక్కడో ఉంది. అక్కడికి దారి చూపేవాళ్లు లేరు. ఈ తప్పు ఎక్కడైనా జరగొచ్చు. కానీ వచ్చిన ప్రతివాడూ ముందు పెద్దాయన్ను పలకరించాలన్న కారణంతో జరగడం మాత్రం మా జిల్లాలోనే సాధ్యం.

నాకు ఆ రోజు నిజంగా భయమేసింది. నేను కట్టిన గుమ్మం చూసే ఆవిడ మిషన్లు పెంచుకుంది. ఆ గుమ్మమే పోతే ఆ షెడ్డు నిలవదు.

స్టూలు

ఇద్దరం కలిసి వన్నూరప్ప దగ్గరికి వెళ్లాం. ముందు పద్ధతి ప్రకారం పలకరించాం. తర్వాత నేను అడ్రసు మారిందని కంప్యూటరుకు చెప్పే సంకేత సంఖ్యల పాఠం మొదలుపెట్టాను. మూడు వందల ఒకటి అంటే శాశ్వతంగా ఇల్లు మారాం అని అర్థం. మూడు వందల రెండు అంటే ఊరెళ్లాం, మళ్లీ వస్తాం అని. నాలుగు వందల నాలుగు అంటే అలాంటివాళ్లు ఇక్కడ లేరు అని. మూడు వందల ఒకటి దగ్గరే ఆయన ఆవలించాడు.

పాఠం వదిలేశాను. "అంగడి ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చినప్పుడు, పాత చోటికి వచ్చే జనాన్ని ఏం చేస్తారండీ?" అని మామూలుగా అడిగాను.

"ఏం చేస్తారేంది? మా నాయన చేసినట్ల చేయల్ల" అన్నాడు. ఆవలింత పోయింది. కుర్చీలో ముందుకు జరిగాడు. "మా ఎరువులంగడి ముందు కౌల్ బజార్‌లో ఉండె. ఆడి నుంచి ఈ పక్కకి మార్చినాం. పాత తావ గాజులంగడి పెట్టుకున్న్యారు. మా నాయన ఆ గాజులంగడి ముందర స్టూలేసుకోని యాడాది కూచున్న్యాడమ్మా. ఎండల్లేదు, వానల్లేదు. పల్లెల నుంచి వచ్చే రైతులకి తెలీదు గదా మారినామని. అన్నం క్యారియర్ నేనే తీసకపోతాంటి."

"వచ్చినవాళ్లకు ఏం చెప్పేవాడు?"

"ముందు నీకేం కావల్లప్పా అని అడుగుతాండె. విత్తనాలు అంటే గోడౌన్‌కి పంపుతాండె. పురుగుమందంటే ముందరంగడికి. పంపు రిపేరీ అంటే మా చిన్నాయన తావకి. ఎవరికేది కావల్నో ఆడికి."

"అందర్నీ మీ తాతగారి కుర్చీ దగ్గరికి పంపేవాడు కాదా? ముందు పెద్దాయన్ను పలకరించి పొమ్మని?"

"ఏమిటికి? గింజలు కావల్సినోడు బండి తోలుకోని అంత దూరం నుంచి వస్తే, గింజల తావకి పంపల్ల గాని..."

అక్కడ ఆగిపోయాడు. సరోజమ్మ నేల చూస్తోంది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

"అయితే మా నాయనని కూచోబెట్టల్లంటావు, నీ కంప్యూటర్లో" అన్నాడు చివరికి.

"ఒక్కో పాత పేజీ ముందు ఒక్కో స్టూలు వేయాలండీ. ఏ పేజీకి వచ్చినవాణ్ణి ఆ పేజీకే పంపాలి. అడ్రసులో పేర్లు తీసేయాలి, మీది కూడా. రేపు మీ పిల్లలు భాగాలు పంచుకున్నా, జీన్స్ అడ్రసు జీన్స్ అడ్రసుగానే ఉండాలి."

పేరు తీయడం అనే మాట దగ్గర చాలాసేపు బేరం నడిచింది. అది పూర్తిగా రాస్తే ఇంకో పుస్తకం అవుతుంది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. అడ్రసులో పేరు లేకపోతే లేదు, ప్రతి పేజీలోనూ అన్నిటికన్నా పైన ఆయన సెల్ నెంబరు ఉండాలి. "పెద్దోడొకడు ఉండాడని జనానికి తెలియల్ల" అన్నాడు. సరే అన్నాం. ఆ కింద సరోజమ్మ నెంబరు పెట్టాం.

పిల్లలకు కావలసిన భాగం

ఇప్పుడు చిట్కాలు. ఈ భాగం కోసమే చదువుతున్నవాళ్లు ఇక్కడికి దూకి వచ్చి ఉంటారని తెలుసు.

తరలింపు మొదలుపెట్టే ముందే పాత సైటులో ఉన్న ప్రతి అడ్రసునూ ఏరుకోండి. ప్రతిదానికీ దాని జోడీ పేజీ కొత్త సైటులో ఏదో తేల్చుకోండి. జోడీ లేకపోతే ఆ పేజీ లేదని నిజం చెప్పండి, అంతే గానీ మొదటి పేజీకి తోసేయకండి. అడ్రసు పొట్టిగా, కొనేవాడి మాటల్లో ఉండాలి, యజమాని మాటల్లో కాదు. సంవత్సరం వద్దు, పదవి వద్దు, మనిషి పేరు వద్దు. శాశ్వతంగా మారాం అనే సంకేతమే పెట్టండి. ఒక స్టూలు దగ్గర నుంచి ఇంకో స్టూలుకు, అక్కడి నుంచి మూడోదానికి పంపకండి. రెండో స్టూలు దగ్గరే మనిషి విసుగెత్తి బస్టాండుకు పోతాడు. కొత్త సైటు బాగా నడుస్తోంది కదా అని పాత సైటు పేరును వదిలేయకండి. ఎవరో ఒకరు ఎన్నేళ్ల తర్వాతైనా ఆ గుమ్మానికి వస్తారు.

ఆ తర్వాత ఎదురు చూడాలి. ఇది ఎవరూ నేర్పరు. మంచిపేరు కొత్త అడ్రసుకు చేరడానికి దాని సమయం అది తీసుకుంటుంది. మొదటి స్థానం గ్యారంటీ అని చెప్పేవాళ్లు మీ దగ్గరికొస్తే టీ ఇచ్చి పంపించండి.

మేం బెంగళూరువాళ్లతో కూచుని ఒక్కో పేజీకి దారి వేశాం. వాళ్లు మంచి పనివాళ్లు, చెప్పాక చకచకా చేశారు. జీన్స్ పేజీ కింది నుంచి మెల్లగా పైకి రావడం మొదలైంది. సరోజమ్మ రోజూ ఫోను చేసి "ఇప్పుడు యాడుండాది అక్కా?" అని అడిగేది, ఊరి నుంచి బస్సులో వస్తున్న పిల్ల గురించి అడిగినట్లు. ఉగాదికి ఇంకా రోజులు ఉండగానే షోలాపూర్ నుంచి ఒక వ్యాపారి ఫోను చేశాడు. ఆవిడ స్పీకర్‌లో పెట్టింది. ఖనిజం యార్డుకు పోయిన ఇద్దరూ మళ్లీ మిషన్ల మీదికి వచ్చారు. వన్నూరప్ప ఓడిపోయానని చెప్పలేదు. టేపు మనుషులను పిలిచి టైర్లకు లారీ స్టాండు వెనక వేరే షెడ్డు వేయమన్నాడు, అంతే.

ఒకటి మాత్రం నడుస్తూనే ఉండేది. ఆయన నెంబరు పైన ఉంది కాబట్టి సగం మంది ఆయనకే ఫోను చేసేవాళ్లు. "కింద ఇంగో నెంబరుండాది చూడప్పా" అని పెట్టేసేవాడు. ఒకసారి లోడింగు పనిలో ఉండగా ఎవరో పిల్లల ప్యాంట్ల సైజులు అడిగారట. ఆ రోజంతా నన్ను తిట్టాడు.

లారీలు ఆగాక

కొన్నేళ్లకు గనులు మూశారు. హోస్పేట రోడ్డు పక్కన లారీలు బారులు తీరి నిలిచిపోయాయి. దుమ్ము తగ్గింది, ఆకులు మళ్లీ పచ్చగా కనిపించాయి. దాంతో పాటు చేతులు జోడించిన ఫోటోల సైట్లు ఒకటొకటిగా మాయమయ్యాయి. వాటిని నడిపేవాళ్లు లేరు, చూసేవాళ్లూ లేరు. నేను ఎంతో కష్టపడి పాటలు పెట్టిన సైట్లు అవి. పాటలు పోయినందుకు మాత్రం నాకు ఏమాత్రం బాధ లేదు.

వన్నూరప్ప లారీలు అమ్మేశాడు. కొత్త సైటులో లారీల పేజీలకు ఎవరూ రావడం లేదు. జీన్స్ పేజీ మాత్రం అలాగే నిలబడి ఉంది. గాంధీనగర్ ఇంటి పొయ్యి ఇప్పుడు సరోజమ్మ షెడ్డు మీదే వెలుగుతోందని బజారులో అందరికీ తెలుసు. ఆవిడ ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఎవరైనా అంటే మాట మార్చేస్తుంది.

నేను పని మానుకుని ఆఫీసు మూసేసే ముందు, చెప్పి వద్దామని సరోజమ్మ షెడ్డుకు వెళ్లాను. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో వన్నూరప్ప కూచుని ఉన్నాడు. పడక్కుర్చీ కాదు, చేతులు లేని కుర్చీ. లోపల మిషన్లు నడుస్తున్నాయి. చేతిలో అదే సెల్లు, ఒడిలో నమూనా గుడ్డ ముక్కలు గుచ్చిన అట్ట. నేను అలవాటుగా ముందు ఆయనకే నమస్కారం పెట్టాను.

"లోపలికి పోమ్మా, సరోజ ఆడుండాది" అన్నాడు. "నన్ను పలకరించేదేముండాది."

నేను పోలేదు. పక్కనే గుడ్డ బేలు మీద కూచున్నాను.

"నాయన యాడాది కూచున్న్యాడు" అన్నాడు. "నన్ను ఎన్నాళ్ళు కూచోమంటావు?"

"జనం వచ్చినన్నాళ్లూ" అన్నాను.

సెల్లు మోగింది. నాకు ఆగమని చెయ్యి చూపించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బజారు ఉర్దూలోకి మారి "క్యా హోనా భాయ్?" అని, ఏం కావాలో అడిగాడు. వాషింగ్ చేసినవా, చేయనివా అన్నాడు. పిల్లల సైజులు కావాలంటే ఇంకో నెంబరు చెబుతా రాసుకోమన్నాడు, అంకెలు నిదానంగా చెప్పాడు, రెండోసారి కూడా చెప్పాడు. అవతలివాడికి ఏదో అనుమానం వచ్చినట్లుంది. ఇంతకీ మీరెవరు మాట్లాడేది అని అడిగాడు. సెల్లు పాతది, గొంతు నాకూ వినిపించింది.

వన్నూరప్ప ఒక్క క్షణం నా వైపు చూశాడు.

"జీన్స్ షెడ్డు" అన్నాడు. "నీకేం కావల్నో అది చెప్పప్పా."